హైదరాబాద్‌లో ఉండి స్లెడ్ హాకీ ఆడొచ్చా? ముందు సీటు, చివర స్లెడ్

మీ ప్రశ్న చదివాను. తమ్ముడికి 23 ఏళ్లు. రెండేళ్ల కిందట బైక్ ప్రమాదంలో వెన్నెముకకు టీ-10 (ఛాతీ వెనక పూసల్లో పదోది) దగ్గర దెబ్బ తగిలింది. నడుము కింద కదలికా లేదు, స్పర్శా లేదు. ఫోన్‌లో పారా ఐస్ హాకీ (స్లెడ్ హాకీయే, అడుగున బ్లేడ్లున్న స్లెడ్‌లో కూర్చుని మంచు మీద ఆడేది) వీడియోలు చూసి ఆడితే అదే ఆడతానంటున్నాడు. కూకట్‌పల్లిలో ఉంటూ అది అయ్యే పనేనా, స్లెడ్ ఎక్కడ కొనాలి, ఎంతవుతుంది, ఇండియా జట్టులోకి వెళ్లొచ్చా అని అడిగారు. మళ్లీ ఎక్కడ దెబ్బ తగులుతుందోనని అమ్మ టెన్షన్ పడుతున్నారని కూడా రాశారు.

నేను ఫిజియోథెరపిస్టుని. అమెరికాలో పనిచేసిన రోజుల్లో అక్కడి స్లెడ్ హాకీ క్లబ్‌కి వాలంటీర్‌గా వెళ్లేవాణ్ని. సీట్లు అమర్చడం, స్ట్రాపులు బిగించడం, బోల్తా పడ్డవాళ్లను లేపడం నా పని. ఇప్పుడు ఇక్కడే హైదరాబాద్‌లో, ఎక్కువగా స్పైనల్ ఇంజ్యురీ వాళ్లతోనే ఉంటాను. అందుకని ఈ జవాబులో ఆట కంటే ఒళ్లు గురించే ఎక్కువ ఉంటుంది, సర్దుకోండి.

ఆడగలడు. అందులో నాకు అనుమానం లేదు. కాకపోతే మీరు స్లెడ్ కొనడంతో మొదలుపెడదాం అనుకుంటున్నారు. అది అన్నిటికంటే చివర చేయాల్సిన పని. ముందు వాడు కూర్చునే సీటు కుదరాలి, తర్వాత భుజాలు సిద్ధం కావాలి, తర్వాత తోడు ఆడేవాళ్లు దొరకాలి. ఐస్ ఆ తర్వాత.

ఆట సంగతి కొంచెం చెప్తే ఈ వరుస ఎందుకో తెలుస్తుంది. 1960ల మొదట్లో స్టాక్‌హోమ్‌లోని ఒక పునరావాస కేంద్రంలో, నడవలేని స్థితికి వచ్చినా హాకీ మాత్రం మానలేకపోయిన కొంతమంది దీన్ని మొదలుపెట్టారు. లోహపు చట్రం కింద రెండు స్కేట్ బ్లేడ్లు, చేతుల్లో సైకిల్ హ్యాండిల్ పిడులు తగిలించిన కర్రలు, అంతే సరంజామా. 1994 లిల్లేహామర్ వింటర్ పారాలింపిక్స్‌లో పతకాల ఆట అయింది, ఆ మొదటి స్వర్ణం స్వీడన్‌దే. 2016 దాకా దీని పేరు స్లెడ్జ్ హాకీ. ఇప్పుడు అధికారికంగా పారా ఐస్ హాకీ అంటున్నారు, ఆడేవాళ్లు మాత్రం ఇంకా స్లెడ్ హాకీ అనే అంటారు. రింక్ (మంచు మైదానం), గోల్, పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) అన్నీ మామూలు ఐస్ హాకీవే. గోలీతో కలిపి ఒక్కో వైపు ఆరుగురు, 15 నిమిషాల పీరియడ్లు మూడు. ఆడవాళ్లూ మగవాళ్లూ ఒకే జట్టులో ఆడొచ్చు.

తేడా అంతా కదలికలో ఉంది. ఒక్కో చేతిలో ఒక్కో పొట్టి స్టిక్ ఉంటుంది, మీటరుకు మించకూడదు. ఒక చివర పక్‌ని కొట్టే బ్లేడ్, రెండో చివర పిక్, అంటే ఉక్కు పళ్లు. ఆ పళ్లను మంచులోకి గుచ్చి రెండు చేతులతో వెనక్కి తోస్తే స్లెడ్ ముందుకు పోతుంది. పక్ దగ్గరికి రాగానే మణికట్టు తిప్పి స్టిక్ తిరగేసి కొట్టాలి. కుడిచేత్తోనూ కొట్టాలి, ఎడమచేత్తోనూ కొట్టాలి. స్లెడ్ చట్రం మంచుకు ఎంత ఎత్తులో ఉంటుందంటే, పక్ దాని కింద నుంచి దూరి అవతలికి వెళ్లిపోతుంది. బాగా ఆడేవాళ్లు దాన్ని తమ స్లెడ్ కింద నుంచే పంపించి ఎదుటివాణ్ని బురిడీ కొట్టిస్తారు. మామూలు హాకీలో కాళ్లు చేసే పని, చేతులు చేసే పని రెండూ ఇక్కడ చేతుల మీదే పడతాయి. మలుపులు మాత్రం నడుముతో తిప్పాలి, ఒళ్లు ఒక పక్కకు వంచితే ఆ పక్క బ్లేడ్ అంచు మంచును పట్టుకుంటుంది.

మీ తమ్ముడు చూసే వీడియోల గురించి ఇక్కడ ఒక మాట. డెక్లాన్ ఫార్మర్, జోష్ పాల్స్, బ్రోడీ రోయ్‌బాల్ లాంటి అమెరికా ఆటగాళ్లు బొంగరాల్లా తిరుగుతుంటారు. 2018 పారాలింపిక్స్ ఫైనల్‌లో కెనడా గెలుపు ఖాయం అనుకున్న చివరి నిమిషంలో ఫార్మర్ గోల్ కొట్టి సమం చేసి, ఓవర్‌టైమ్‌లో ఇంకొకటి కొట్టి గెలిపించాడు. అది చూసి ఎవరికైనా ఉత్సాహం వస్తుంది. కానీ ఆ ముగ్గురికీ రెండు కాళ్లూ లేవు. స్లెడ్ పొట్టిగా ఉంటుంది, ముందు కాళ్ల బరువు ఉండదు, నడుము కండరాలు పూర్తిగా పనిచేస్తాయి. మీ తమ్ముడి స్లెడ్ పొడుగ్గా ఉంటుంది, కాళ్ల బరువు ముందుంటుంది, పొట్ట కింది కండరాలు సరిగా పలకవు. వాళ్లలాగా తిరగలేకపోతున్నానని మొదటి నెలలోనే డీలా పడిపోతాడేమో, ముందే చెప్పి ఉంచండి. వెన్ను సమస్య ఉన్నవాళ్లూ పైస్థాయిలో ఆడారు. 2006 పారాలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన కెనడా జట్టులోని బిల్లీ బ్రిడ్జెస్‌కు ఉన్నది స్పైనా బైఫిడా, అంటే పుట్టుకతో వచ్చే వెన్ను లోపం. పోల్చుకోవాలంటే ఆయన వీడియోలు చూడమనండి.

ఇక సీటు. దీన్ని బకెట్ అంటారు. కొత్తవాళ్లు స్లెడ్ ఏ కంపెనీది, బ్లేడ్ ఏ రకం అని అడుగుతారు గానీ ఆట అంతా ఈ బకెట్‌లోనే ఉంది. తుంటి దగ్గర వదులుగా ఉంటే వాడు వంగుతాడు గానీ స్లెడ్ వంగదు, అలాంటప్పుడు మలుపే తిరగదు. మరీ బిగుతుగా ఉంటే చర్మం దెబ్బతింటుంది, స్పర్శ లేదు కాబట్టి వాడికి ఆ సంగతే తెలియదు. వెనక ఆనుకునే భాగం ఎత్తు కూడా చూసుకోవాలి. టీ-10 వాళ్లకు మొదట్లో కొంచెం ఎత్తుగా పెట్టి, నడుము పట్టు పెరిగే కొద్దీ తగ్గిస్తూ రావాలి. మొదటి రోజే బాగా తగ్గిస్తే ప్రతి తోపుకీ వెనక్కి వాలిపోతాడు. ఎత్తుగానే వదిలేస్తే చేతులు వెనక్కి పూర్తిగా వెళ్లవు, తోపులో బలం ఉండదు. కింద బ్లేడ్ల మధ్య దూరం కూడా ఇంతే. మొదట ఎడం ఎక్కువ పెడితే స్లెడ్ ఒరగదు. బ్యాలెన్స్ వచ్చాక దగ్గరికి జరిపితే చురుగ్గా తిరుగుతుంది.

డాక్టర్లు కూడా తరచుగా మర్చిపోయే విషయం ఇంకొకటి ఉంది. వీల్‌చెయిర్‌లో మోకాళ్లు మడిచి కూర్చుంటాం, బరువు పిరుదుల ఎముకల మీద పడుతుంది. స్లెడ్‌లో కాళ్లు ముందుకు చాపి కూర్చోవాలి. తొడ వెనక కండరాలు బిగుసుకుని ఉంటే తుంటి వెనక్కి జారి, బరువంతా త్రికాస్థి మీద, అంటే నడుము కింద వెన్ను ముగిసే చోట పడుతుంది. అక్కడ కండ తక్కువ, చర్మం కిందే ఎముక. వీల్‌చెయిర్‌లో ఇన్నేళ్లూ బెడ్‌సోర్ రాలేదు కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. మోకాళ్ల కింద చిన్న రోల్ పెట్టి కొంచెం మడిచి ఉంచితే ఆ జారుడు చాలావరకు తగ్గుతుంది. వీల్‌చెయిర్‌లో వాడే గాలి కుషన్ బకెట్‌లో పెట్టకండి, ఊగుతుంది. పల్చటి గట్టి ఫోమ్ గానీ జెల్ గానీ మేలు. జీన్స్ వద్దు, వెనక జేబు కుట్టు ఒక్కటే చాలు పుండు పడటానికి. మొదట్లో పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, బయటికి తీసి చర్మం చూడండి. ఎరుపు కనిపించి అరగంటలో పోతే పర్వాలేదు. పోలేదంటే ఆ సీటు మారాల్సిందే, అది మారేదాకా ప్రాక్టీసు లేదు. చూడటానికి సిగ్గుపడితే వాడి ఫోన్‌తో వాడినే ఫొటో తీసుకోమనండి.

క్యాథెటర్ గొట్టం స్ట్రాపు కింద నలిగితే మూత్రం వెనక్కి తంతుంది, కాబట్టి బిగించే ముందు బ్యాగ్ ఖాళీ చేసి గొట్టం దారి చూసుకోవాలి. టీ-6 గానీ అంతకంటే పైన గానీ దెబ్బ ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకు ఇది ఇంకా పెద్ద విషయం. మూత్రాశయం నిండినా, స్ట్రాపు గట్టిగా నొక్కినా బీపీ ఒక్కసారిగా ఎగబాకి తల పగిలేలా నొప్పి రావచ్చు. వెంటనే స్ట్రాపులు వదులు చేసి, తల ఎత్తి కూర్చోబెట్టి, కారణం వెతకాలి. తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి. టీ-10లో ఆ భయం మామూలుగా ఉండదు.

ఎముకల సంగతి. కదలని కాళ్లలో ఎముకలు రెండేళ్లలోనే చాలా పలచబడతాయి. చిన్న గుద్దుకే విరగొచ్చు, విరిగినా నొప్పి తెలియదు. అందుకే ముందు డెక్సా స్కాన్ (ఎముకల గట్టిదనం కొలిచేది) తీయించి, మీ స్పైన్ డాక్టర్‌కు చూపించి, ఢీకొట్టుకునే ఆటకు సరేనంటారో లేదో అడగండి. ఆడిన తర్వాత కాలు ఒకచోట వాచి వేడిగా ఉన్నా, ఉన్నట్టుండి కాళ్లు ఎక్కువగా బిగుసుకుపోతున్నా ఎక్స్‌రే తీయించాలి. పోలియో ఉన్నవాళ్లకు స్పర్శ ఉంటుంది కాబట్టి ఇందులో సగం భయాలు లేవు, కానీ ఆ కాలికి రక్తప్రసరణ తక్కువ, చలికి తొందరగా నీలం తిరుగుతుంది.

ఇప్పుడు హైదరాబాద్. మన నగరంలో పూర్తి కొలతల ఐస్ హాకీ రింక్ లేదు. లోయర్ ట్యాంక్ బండ్ దగ్గరి స్నో వరల్డ్‌కి తీసుకెళ్తానని రాశారు. సరదాగా తీసుకెళ్లండి, చలికి వాడి ఒళ్లు ఎలా ఉంటుందో తెలుస్తుంది. అది హాకీకి మాత్రం పనికిరాదు. మాల్స్‌లో అప్పుడప్పుడూ పెట్టే ప్లాస్టిక్ పలకల స్కేటింగ్ ఫ్లోర్లను కూడా నమ్ముకోకండి. పిక్ పళ్లు ఆ ప్లాస్టిక్‌ని గీకేస్తాయి, ఒక్కసారి చూశారంటే మళ్లీ గేటు దాటనివ్వరు.

మరి ఏం చేయాలి? చక్రాల స్లెడ్ చేయించండి. ఇది నా సొంత తెలివి కాదు, ఐస్ దొరకని చోట్ల ఇన్‌లైన్ (ఒకే వరసలో ఉండే) చక్రాల మీద ఈ ఆట ఆడుతూనే ఉన్నారు. బాలానగర్‌లో ఏ ఫ్యాబ్రికేషన్ షాపులోనైనా అల్యూమినియం పైపుతో చట్రం చేసిస్తారు. బేరింగులు, నట్లు, బోల్టులు రాణిగంజ్‌లో దొరుకుతాయి. బ్లేడ్లు ఉండాల్సిన చోట పాత ఇన్‌లైన్ స్కేట్ల అడుగు భాగాలు రెండు బిగించాలి, ముందు కాళ్ల దగ్గర చిన్న చక్రం. చట్రంలో రంధ్రాలు ఎక్కువ పెట్టించండి, సీటు ముందుకూ వెనక్కీ జరపడానికి కావాలి. ఎక్కువ బరువు వెనక చక్రాల మీద, కొద్దిగా మాత్రం ముందు చక్రం మీద పడే చోటు దొరికేదాకా జరుపుతూ ఉండాలి. స్టిక్కులకు ఫ్లోర్‌బాల్ (హాల్లో ప్లాస్టిక్ బంతితో ఆడే హాకీ లాంటి ఆట) స్టిక్కులు సగానికి కోసి, పై చివర పిక్‌కి బదులు చంకకర్రల కింద వేసే రబ్బరు బుష్ తొడగండి. సిమెంటు నేలను అది బాగానే పట్టుకుంటుంది. మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, అరిగితే మార్చుకోవచ్చు. పక్‌కి బదులు ప్లాస్టిక్ బంతి చాలు.

చోటుకి మీ అపార్ట్‌మెంట్ సెల్లారే బాగుంటుంది. ఆదివారం పొద్దున సగం కార్లు బయటికి వెళ్లాక అసోసియేషన్ వాళ్లను అడగండి. ర్యాంప్ వైపు మాత్రం ఎవరైనా నిలబడాలి, చక్రాల స్లెడ్‌కి బ్రేకులుండవు. ఇందిరా పార్కులో స్కేటింగ్ రింక్ ఉంది, పిల్లల కోచింగ్ అయ్యాక కాసేపు ఇవ్వమని అడిగి చూడొచ్చు. ఎండాకాలంలో ఒకటి గుర్తుంచుకోండి. దెబ్బ తగిలిన చోటుకి కింద చెమట సరిగా పట్టదు, ఒళ్లు తొందరగా వేడెక్కిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు లోపే ముగించండి, మెడ మీద చల్లడానికి నీళ్ల స్ప్రే సీసా దగ్గర పెట్టుకోండి.

తోడు ఆడేవాళ్లు లేరని రాశారు. మీరున్నారుగా! క్లబ్ స్థాయిలో ఏ లోపమూ లేనివాళ్లు కూడా స్లెడ్‌లో కూర్చుని ఆడటం అమెరికాలో మామూలే. కాళ్లు కట్టేసుకుని కూర్చున్నాక మీకూ వాడికీ పెద్ద తేడా ఏముండదు, నిజానికి మొదటి రోజుల్లో వాడే మిమ్మల్ని ఓడిస్తాడు. రెండు మూడు స్లెడ్లు చేయించి, నగరంలో వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లను ఒకసారి పిలవండి. వాళ్లకు చేతుల బలం ఉంది, కొత్త ఆట అంటే సరదా ఉంది. ఒక్కడే వ్యాయామంలాగా చేస్తే రెండు నెలల్లో మానేస్తాడు. ఎదురుగా మనిషి ఉంటేనే అది ఆట.

భుజాల గురించి కొంచెం కటువుగా చెప్తాను. వాడికి ఇప్పుడు భుజాలే కాళ్లు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి కారులోకి మారేది వాటితోనే. ఆటలో భుజం పోతే ఇంట్లో కూడా మళ్లీ ఇంకొకరి మీద ఆధారపడాల్సి వస్తుంది. వీల్‌చెయిర్ తోసేవాళ్లకు ఛాతీ ముందు కండరాలు బిగుసుకుని, వెనక రెక్కల మధ్య కండరాలు వదులైపోతాయి. అందుకని తోసే వ్యాయామం ఒకటి చేస్తే లాగేవి రెండు చేయించండి. తలుపు గడియకు రబ్బరు బ్యాండ్ కట్టి మోచేతులు వెనక్కి లాగడం, భుజాన్ని బయటికి తిప్పడం రోజూ ఉండాలి. స్లెడ్ తోపుకి దగ్గరగా ఉండేది స్కీ ఎర్గ్ మెషీన్ (పైనుంచి రెండు తాళ్లను కిందికి లాగేది), కొన్ని పెద్ద జిమ్‌లలో ఉంటుంది. వీల్‌చెయిర్ దాని ముందు పెట్టి బ్రేకులు వేస్తే చాలు. చేయి ఎత్తినప్పుడు భుజం ముందు భాగంలో నొప్పి మొదలైతే ఆట ఆపాలి, మాత్ర వేసుకుని ఆడటం కుదరదు.

ఆర్నెల్లు ఇలా గడిచి, వాడికి ఇంకా అంతే మోజు ఉంటే అప్పుడు ఐస్ గురించి ఆలోచించండి. మన దేశంలో ఆ స్థాయి ఇండోర్ రింక్ డెహ్రాడూన్‌లోని హిమాద్రి. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టి, తర్వాత ఏళ్ల తరబడి మూసేసి, 2025లో మళ్లీ తెరిచారు. ఐస్ హాకీకి ఇంకో చోటు లేహ్‌లోని ఎన్డీఎస్ స్టేడియం. దేశంలో ఐస్ హాకీకి గుండెకాయ లద్దాఖే, అందులో వాదన లేదు. అయినా మీ తమ్ముడి మొదటి ఐస్ అక్కడ వద్దంటాను. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది, జనవరి చలి సున్నాకు చాలా కింద. స్పర్శ లేని పాదాలకు ఫ్రాస్ట్‌బైట్ వచ్చినా, అంటే చలికి చర్మం, కండ గడ్డకట్టి దెబ్బతిన్నా వాడికి తెలియదు. డెహ్రాడూన్‌లో అయితే కనీసం చలి ఒక లెక్కలో ఉంటుంది. వెళ్లే ముందు ఫోన్ చేసి రెండు విషయాలు కనుక్కోండి. వీల్‌చెయిర్ మంచు అంచుదాకా వస్తుందా, స్లెడ్ లోపలికి వెళ్లడానికి గేటు దగ్గర మెట్టు ఉందా. రెండు సైజులు పెద్ద బూట్లు, వదులుగా ఉన్ని సాక్సులు వేయండి, ప్రతి విరామంలో సాక్సు విప్పి పాదం రంగు చూడండి.

అసలు స్లెడ్ అప్పుడు కొనండి, ఖరీదు కూడా అప్పుడే కనుక్కోండి. ఇవి అమెరికా, కెనడాల్లో తుంటి కొలతలను బట్టి చేసిస్తారు, రవాణా, కస్టమ్స్ అదనం. ఆర్నెల్లు చక్రాల మీద ఆడాక వాడి కొలతలు వాడికే కచ్చితంగా తెలుస్తాయి. ఇప్పుడే తెప్పిస్తే సైజు కుదరక మూల పడి ఉంటుంది.

ఇండియా జట్టు సంగతి అడిగారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది గానీ, అడిగారు కాబట్టి చెప్తాను. పారాలింపిక్స్ ఐస్ హాకీలో మన జట్టు ఇప్పటిదాకా ఆడలేదు. దేశంలో ఇలాంటి ఆటలకు బాధ్యత పారాలింపిక్ కమిటీ ఆఫ్ ఇండియాది. ఆసియాలో జపాన్ 2010లో రజతం గెలిచింది, దక్షిణ కొరియా 2018లో సొంతగడ్డ మీద కాంస్యం గెలిచింది, చైనా 2022లో మొదటిసారి ఆడి కాంస్యం పట్టుకెళ్లింది. కాబట్టి ఇది తెల్లవాళ్ల ఆట, మనకు రాదు అనుకోనక్కర్లేదు. ఇంకోటి, సదరం సర్టిఫికెట్‌లో ఎంత శాతం వేశారన్నది అంతర్జాతీయ ఆటలో ఎవరూ చూడరు. వాళ్ల క్లాసిఫయర్లు (ఎవరు ఆడొచ్చో తేల్చేవాళ్లు) కాళ్లలో కండరబలం, కీళ్ల కదలిక, తెగిన భాగం విడిగా పరీక్షిస్తారు. వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్‌లాగా ఒక్కొక్కరికి పాయింట్లు ఇక్కడ లేవు. కాళ్లలో లోపం నిర్ణీత స్థాయిలో ఉంటే అర్హుడు, లేకపోతే కాదు. టీ-10 పూర్తి దెబ్బకు అర్హత గురించి దిగులు అక్కర్లేదు.

అమ్మగారికి చెప్పాల్సింది నిజమే చెప్పండి, ఇది ఢీకొట్టుకునే ఆట. పక్క నుంచి గుద్దొచ్చు, ఎదుటివాడి పక్కలోకి స్లెడ్ ముక్కుతో నేరుగా గుద్దితే మాత్రం తప్పు, శిక్షగా బయట కూర్చోబెడతారు. ముఖానికి పూర్తి జాలీ ఉన్న హెల్మెట్, మెడ పట్టీ, భుజాలకూ మోచేతులకూ ప్యాడ్లు, మందపాటి గ్లౌజులు, కాళ్ల ముందు గార్డు ఉంటాయి. నేను ఎక్కువగా చూసినవి మణికట్టు, వేళ్లు, భుజం దెబ్బలు. పడితే ఎత్తు నుంచి పడరు, మంచుకు జానెడు ఎత్తులోనే ఉంటారు. సెల్లార్‌లో చక్రాల మీద గుద్దుకోవడాలు అసలు పెట్టుకోకండి, అక్కడ పాస్‌లు, మలుపులు, గోల్స్ చాలు. హెల్మెట్ మాత్రం సెల్లార్‌లోనూ ఉండాల్సిందే. మొదటి రోజు అమ్మగారిని కూడా కిందికి రమ్మనండి, స్ట్రాపులు ఎలా బిగించాలో, ఎలా విప్పాలో ఆమెకు నేర్పండి. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు వాడు ఆగడు కదా.

బాలానగర్ వెళ్లే ముందు కొలతలు తీసుకోండి. తుంటి వెడల్పు, తుంటి నుంచి మోకాలి మడత దాకా, అక్కడి నుంచి మడమ దాకా, కూర్చున్నప్పుడు నేల నుంచి చంక దాకా ఎత్తు. వీల్‌చెయిర్‌లో ఉండగా కొలవొద్దు. మంచం మీద గట్టి పరుపు వేసి, కాళ్లు చాపి, మోకాళ్ల కింద రోల్ పెట్టి, వెనక గోడకు ఆనించి కొలవండి, ఆట రోజు వేసుకునే ప్యాంటుతోనే. డెక్సా రిపోర్టుతో పాటు ఆ నాలుగు అంకెలూ ఇక్కడ రాస్తే, బకెట్ వెడల్పు ఎంత పెట్టించాలో, వెనక ఎత్తు ఎంత ఉంచాలో చెప్తాను.